నాలుగేళ్లు, 18,000 మైళ్లు: నా వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ సంగతి

మేముండేది డాలస్ దగ్గర. బండి హాఫ్-టన్ పికప్ (పెద్ద పికప్‌లలో తేలిక రకం), వెనక 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే లాక్కెళ్లే చిన్న ఇల్లు. ట్రైలర్‌ని పికప్‌కి తగిలించేది హిచ్. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ రకంలో స్ప్రింగుల్లాంటి రెండు ఇనుప బార్లు ఉంటాయి, పికప్ వెనక పడే బరువులో కొంత ముందు చక్రాల మీదికి, ట్రైలర్ చక్రాల మీదికి పంచుతాయి. ఈ హిచ్ నాకు రెండోది. మొదటిది ఎందుకు మార్చానో చెబితే కొత్తగా కొనేవాళ్లకు ఉపయోగపడుతుంది.

ట్రైలర్ బ్రోషర్‌లో టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప బంతి (హిచ్ బాల్) మీద పడే బరువు, 590 పౌండ్లని ఉంది. అమ్మినవాళ్లు అది చూసి 600 పౌండ్ల వరకే తట్టుకునే బార్లున్న హిచ్ బిగించి పంపేశారు. కానీ అది ఖాళీ ట్రైలర్ లెక్క. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు ముందువైపే ఉంటాయి. మంచం కింద మా బియ్యం, పప్పులు, వంటసామాను కూడా అక్కడే. తూకం వేయిస్తే 870 పౌండ్లు!

మొదటి ప్రయాణం హైవే 287 మీద అమరిల్లో వైపు, పాలో డ్యూరో కాన్యన్‌కి. పక్కనుంచి పెద్ద లారీ దాటిన ప్రతిసారీ ట్రైలర్ తోక ఊపేది, స్టీరింగ్ చేతిలో తేలిపోయేది. మా ఆవిడ దారంతా పిల్లలతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఊళ్లో ఎడ్లబండికి బస్తాలేసేటప్పుడు మా తాతయ్య కాడి మీద ఎంత బరువు పడుతోందో చూసుకునేవాడు. వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దుల మెడలు అణిగిపోతాయి. ఇక్కడా అంతే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద ఉండాలి. మాది 6,900 పౌండ్లు, కాబట్టి 870 సరైనదే. తప్పల్లా బార్లది.

1,000 పౌండ్ల బార్లున్నది, ఊపుని ఆపే రాపిడి ఏర్పాటు అందులోనే ఉన్నది తీసుకున్నాను. ఈసారి నేనే బిగించుకుని, ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద మూడుసార్లు తూచాను. పికప్ ఒక్కటే ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద 3,020 పౌండ్లు. ట్రైలర్ తగిలించి బార్లు పెట్టకపోతే 2,660. బార్లు పెట్టాక 2,850. ముందు ఇరుసు మీంచి పోయిన బరువులో సగం మళ్లీ దానిమీదికి రావాలని నా బండి మాన్యువల్ చెబుతుంది, వచ్చింది. దానికోసం హిచ్ తల వంపు మార్చే వాషర్లు రెండు పెంచాల్సి వచ్చింది. మొత్తం తిరిగి రావాలని ఇంకా బిగించకండి, వెనక చక్రాలు తేలికైపోయి మలుపుల్లో పట్టు తప్పుతుంది.

అప్పటినుంచి పాన్‌హ్యాండిల్ (అమరిల్లో ఉన్న ఉత్తర టెక్సాస్ ప్రాంతం) గాలిలోనూ బండి తిన్నగా పోతోంది. ఇబ్బందులు లేకపోలేదు. క్యాంప్‌సైట్‌లో మెల్లగా తిరిగేటప్పుడు కీచుమని గట్టిగా మోగుతుంది, రాత్రిపూట చేరితే పక్కవాళ్లని లేపినట్టే. బార్లు దూరే సాకెట్లకి గ్రీజు పెడుతూ ఉండాలి. బార్లు ఎక్కించేముందు ట్రైలర్ జాక్‌తో పికప్ వెనకభాగాన్ని బాగా పైకి లేపాలి. బరువు మీదుండగా లివర్‌తో బలవంతం చేస్తే బార్ ఎగిరి ఎముక విరగ్గొట్టగలదు. విప్పేటప్పుడూ అదే జాగ్రత్త.

కొనేముందు మీ పికప్ రిసీవర్ (హిచ్ దూరే వెనక గొట్టం) మీద స్టిక్కర్ చదవండి. నా దాంట్లో టంగ్ బరువు పరిమితి మామూలుగా 500 పౌండ్లు, ఈ రకం హిచ్‌తో 1,200. అయితే డోర్ దగ్గర రాసిన పేలోడ్ పరిమితిని, అంటే పికప్ మోయగల మొత్తం బరువుని, ఏ హిచ్చూ పెంచదు. నాది 1,520. టంగ్ 870, హిచ్ దాదాపు 100 పోగా నలుగురు మనుషులకి, సామానుకి మిగిలింది 550. అందుకే ఐస్ పెట్టె, సైకిళ్లు పికప్‌లోంచి తీసి ట్రైలర్ ఇరుసుల మీదికి సర్దేశాను.