నేచురల్ కిల్లర్ కణాలపై పరిశోధన: ఎండీ దారా, పీహెచ్‌డీ దారా?

పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలపై, ముఖ్యంగా వైరస్ సోకిన కణాలను చంపే నేచురల్ కిల్లర్ అనే రక్తకణాల లోపాలపై పనిచేయాలనుకునే నెల్లూరు, ఒంగోలు విద్యార్థుల ముందు రెండు దారులున్నాయి.

కాలం: ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు. అటు డిగ్రీ, ఎమ్మెస్సీ ఐదేళ్లు, పీహెచ్‌డీ మరో ఐదారేళ్లు.

ఖర్చు: ప్రైవేటు వైద్య సీటుకు పొలం అమ్మాల్సి రావచ్చు. పీహెచ్‌డీ దారిలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు చేతికందుతాయి.

పని: అసలు తేడా ఇక్కడే. వైద్యుడి ముందు పదేపదే న్యుమోనియాతో వచ్చే బిడ్డ, పక్కనే మేనరికం చేసుకున్న తల్లిదండ్రులు. మన జిల్లాలకు మేనరికాలు కొత్త కాదు. ఇద్దరిలోనూ దాగిన లోపపు జన్యువు బిడ్డలో జత కలవవచ్చు. పరిశోధకుడి ముందు ఆ బిడ్డ రక్తం కొద్దిగా, కణాలను గుర్తించి లెక్కించే ఫ్లో సైటోమీటర్ తెరపై చుక్కల గుంపు: పైన సీడీ3 అనే ప్రోటీన్ గుర్తు లేని, సీడీ56 అనే గుర్తు ఉన్న కిల్లర్ కణాలు. గుంపు నిండుగా ఉన్నా చంపే శక్తి లేకపోవచ్చు. రంధ్రాలు చేసే పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ లోపిస్తే కిల్లర్ కణం శత్రువును పట్టుకుంటుంది, దాని పొరకు రంధ్రం మాత్రం చేయలేదు. ఈ చిక్కు విప్పడంలో ఉన్న తృప్తి నాకు మరెక్కడా కనిపించదు.

ముప్పు: పీహెచ్‌డీ తర్వాత స్థిరమైన ఉద్యోగం ఆలస్యం. వైద్యుడికి ఆ బెంగ తక్కువ, కానీ ఓపీ రద్దీ సమయాన్ని మింగేస్తుంది.

బిడ్డను ముట్టుకుని చూడాలనిపించేవారికి, ప్రభుత్వ సీటు వస్తే, ఎండీ. ‘ఎందుకు’ అన్న ప్రశ్న నిద్రపోనివ్వని వారికి, ఇంటి ఆసరా తక్కువైనా, జేఆర్‌ఎఫ్‌తో పీహెచ్‌డీ.