వేలు ఎప్పుడు తీయాలో తెలిసిన ఆర్గనిస్ట్

బరోక్ (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం) ఆర్గన్ కచేరీ వీడియో ఒకటి ఇప్పుడు సంగీతప్రియుల మధ్య తిరుగుతోంది. వాయించింది ఇరవైల్లో ఉన్న అమ్మాయి. నిడివి గంటకు అటూ ఇటూ. ఆ కాలపు స్వరకర్తల్లో స్వీలింక్‌తో మొదలై, బుక్స్‌టెహూడె మీదుగా బాఖ్ దగ్గర ముగుస్తుంది. విన్నవాళ్లలో కొందరు "ఈ వయసులో ఇంత విద్యా!" అంటున్నారు, కొందరు "ఆ కాళ్లు చూడండి!" అంటున్నారు. కాదనలేం. అయితే బాఖ్ 1703లో జర్మనీలోని ఆర్న్‌స్టాట్‌లో ఆర్గనిస్ట్‌గా కొలువుకి కుదిరేనాటికి ఆయనకి పద్దెనిమిదేళ్లే. ఈ వాద్యం మీద చిన్న వయసులో చెయ్యి తిరగడం వింతేమీ కాదు. పెడల్ (కాళ్లతో వాయించే మీటల వరుస) మీద పాదాలు పరుగెత్తడం కూడా గట్టి శిక్షణ ఉన్న ఎవరికైనా వచ్చేదే. ఈ అమ్మాయిని మెచ్చుకోవాల్సింది మీట మీద నుంచి వేలు తీసే తీరుకి.

పియానో మీట గట్టిగా కొడితే గట్టిగా పలుకుతుంది. ఆర్గన్‌లో ఆ వెసులుబాటు లేదు. మీట నొక్కగానే గొట్టం అడుగున పాలెట్ అనే చిన్న మూత తెరుచుకుని, తిత్తుల్లోని గాలి గొట్టంలోకి పోతుంది. వేలు ఉన్నంతసేపూ స్వరం అదే స్థాయిలో మోగుతూనే ఉంటుంది. మెల్లగా నొక్కినా గుద్దినా ధ్వని అంతే. మరి తాళంలో ఒక దెబ్బ బరువుగా, ఇంకో దెబ్బ తేలిగ్గా ఎలా వినిపించాలి? బరువుగా పడాల్సిన స్వరానికి ముందున్న స్వరాన్ని కాస్త తొందరగా వదిలేయాలి. మధ్యలో ఏర్పడిన ఆ సన్నటి ఖాళీ తర్వాత వచ్చే స్వరం, నిజానికి ఏమాత్రం పెరగకపోయినా, చెవికి పెద్దదిగా తోస్తుంది. బరోక్ ఆర్గన్ వాదనలో సగం విద్య ఈ ఖాళీలను కొలతేసి పంచడమే. స్వరాలన్నిటినీ అతికించి వాయిస్తే జిగురులా సాగుతుంది. అన్నిటినీ ఒకేలా తుంచితే కుట్టుమిషన్ చప్పుడవుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉండాలన్నది రచననిబట్టి, హాలునిబట్టి మారిపోతుంది.

స్వీలింక్ వేరియేషన్లు (ఒకే రాగాన్ని మార్చి మార్చి పలికించేవి) శుభ్రంగా ఉన్నాయి, అంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు. కచేరీకి ఊపు బుక్స్‌టెహూడె జి మైనర్ ప్రెలూడియంతో (ఆయన రచనల పట్టిక బుక్స్‌డబ్ల్యూవీలో 149) వస్తుంది. ల్యూబెక్‌లోని మారియన్‌కిర్షె చర్చిలో 1668 నుంచి 1707లో చనిపోయేదాకా ఆర్గనిస్ట్‌గా ఉన్న ఈయన వాదన వినడానికే 1705లో బాఖ్ దాదాపు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లాడు. తీసుకున్నది నాలుగు వారాల సెలవు, ఉండిపోయింది నాలుగు నెలల దాకా. ఈ ప్రెలూడియంలో స్వేచ్ఛగా సాగే భాగాలూ, ఒకే పదాన్ని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకుంటూ కట్టుదిట్టంగా నడిచే ఫ్యూగులూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. స్వేచ్ఛా భాగాల్లో చాలామంది తడబడతారు. స్వరలిపిలో సమానంగా కనిపించే స్వరాలను మెట్రోనోమ్‌కి కట్టేసి వాయిస్తే అభ్యాసంలా ఉంటుంది, ఇష్టమొచ్చినట్టు సాగదీస్తే లయ చచ్చిపోతుంది. ఈ అమ్మాయి పెడల్‌లో తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరాల పదాన్ని స్థిరంగా పట్టుకుని, పై చేతుల్లో మాత్రమే తొందరా నిదానమూ చూపించింది. ఫ్యూగు మొదలయ్యే ముందు హాలులో ప్రతిధ్వని తగ్గేదాకా ఆగింది. ఆ ఆగడం లెక్కలో తప్పలేదు.

ప్రతిధ్వని మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. రాతి గోడల పెద్ద చర్చిల్లో స్వరం ఆగిన తర్వాత కూడా ధ్వని కొన్ని సెకన్లు తేలుతుంది. మంద్రస్వరాలు ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తాయి. అందుకే పెడల్ స్వరాలను చేతి స్వరాలకన్నా పొట్టిగా వదలాలి. లేకపోతే కిందనంతా బురదవుతుంది. గొట్టాల పక్కనే కూర్చునే వాద్యకారులకు ఈ బురద సరిగా వినపడదు. హాలు మధ్యలో ఎవరినైనా నిలబెట్టి రిహార్సల్ చేసుకోవడం దీనికోసమే. ఈ రికార్డింగులో పెడల్ ఎక్కడా మసకబారలేదంటే ఆ పని జరిగిందన్నమాటే.

ఒక్కచోట మాత్రం హాలే గెలిచింది. బాఖ్ ఇ మైనర్ ట్రియో సొనాటా (బాఖ్ రచనల పట్టిక బీడబ్ల్యూవీలో 528) చివరి భాగం. ట్రియో సొనాటాలో కుడిచేతికి ఒక మీటల వరుస, ఎడమచేతికి ఇంకో వరుస, కాళ్లకి పెడల్. మూడు గొంతులూ వేటికవే. కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) చాటున తప్పులు దాచుకునే వీల్లేదు కాబట్టే ఆర్గనిస్టుల అసలు పరీక్ష ఇది అంటారు. మొదటి రెండు భాగాలూ అద్భుతంగా ఉన్నాయి. ముఖ్యంగా ఆందాంతే అనే రెండో భాగంలో ఒక చేతి పదాన్ని రెండో చెయ్యి అందుకునే ప్రతిసారీ వేలు తీసే కొలత రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకైనా ఇది తేలిక కాదు. మూడో భాగానికి పేరే "ఉన్ పోకో అల్లెగ్రో", అంటే ఓ మోస్తరు వేగం. ఆమె ఎంచుకున్నది అంతకు మించిన వేగం. ఆ వేగానికి స్వరాల మధ్య ఖాళీలు ఉన్నా, ప్రతిధ్వని వచ్చి వాటిని నింపేసింది. పైగా ఎడమచేతికి పెట్టిన రీడ్ స్టాప్ (స్టాప్ అంటే ఒకే రంగు ధ్వని ఇచ్చే గొట్టాల వరుస) కుడిచేతి ఫ్లూట్ స్టాప్‌ని మింగేస్తోంది. రెండు చేతులకీ 8 అడుగుల (అట్టడుగు స్వరపు గొట్టం పొడవు) ప్రిన్సిపల్ (ఆర్గన్ సొంత మూల ధ్వని), ఫ్లూట్ లాంటి దగ్గరి జోడీ పెట్టి, వేగం కొంచెం తగ్గించి ఉంటే సరిపోయేది.

ఎఫ్ మైనర్ కోరల్ ప్రెలూడ్ (దేవుడికి మొరపెట్టుకునే చర్చి పాట మీద అల్లిన రచన, బీడబ్ల్యూవీ 639) దగ్గర "ఆర్గన్ శ్రుతి తప్పినట్టుంది" అని కొందరు విసుక్కున్నారు. తప్పలేదు. ఈ వాద్యానికి మీన్‌టోన్‌ని కాస్త సడలించిన పాతకాలపు శ్రుతి ఉంది. అసలు మీన్‌టోన్‌లో తరచుగా వాడే మేజర్ థర్డులు (స నుంచి అంతర గాంధారం దాకా ఉన్న దూరాలు) అచ్చంగా, అలలు లేకుండా కలుస్తాయి. దానికి మూల్యం దూరపు స్కేళ్లు చెల్లిస్తాయి. జి షార్ప్‌కీ ఏ ఫ్లాట్‌కీ ఉన్నది ఒకే మీట. దాన్ని జి షార్ప్‌గా సరిచేస్తే ఏ ఫ్లాట్ కావాల్సినచోట అది దాదాపు 41 సెంట్లు కిందకి ఉంటుంది. సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు. ఎఫ్ మైనర్‌కి కావాల్సింది సరిగ్గా ఆ ఏ ఫ్లాటే. సడలించిన శ్రుతిలో ఈ తేడా బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మొరపెట్టుకునే పాటకి ఆ కాస్త పులుపు అందమే అని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది ట్రెమ్యులెంట్ తిప్పి గాలిని వణికిస్తారు. ఈమె దాని జోలికి పోలేదు. కుడిచేతి రాగం ఒక్క ప్రిన్సిపల్ మీద నిటారుగా నిలబడింది. ట్రిల్లులు (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి పలికించడం) పై స్వరం నుంచి మొదలై, మొదట్లో నిదానంగా, తర్వాత బిగువుగా పలికాయి. ఎడమచేతి పదహారో వంతు స్వరాల్లో ప్రతి నాలుగింటిలో మొదటిది మిగతా మూడింటికన్నా వెంట్రుకవాసి పొడుగు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఎడమచేతినొక్కదాన్నే వెంబడించండి, ఈ సమీక్ష మొదట్లో చెప్పిన ఖాళీల విద్య మొత్తం అందులోనే దొరుకుతుంది.

చివరిది సి మైనర్ పాసకాలియా (బీడబ్ల్యూవీ 582). ఎనిమిది బార్ల (తాళావర్తాల) థీమ్ ముందు పెడల్‌లో ఒంటరిగా, ఆ తర్వాత ఇరవై వేరియేషన్లు, ఆపైన ఫ్యూగు. థీమ్ బలహీనమైన దెబ్బ మీద మొదలై బలమైన దెబ్బ మీదకి దిగుతుంది. ఆ మొదటి స్వరాన్ని నిండుగా పట్టి ఉంచితే మూడు దెబ్బల నడక అక్కడే కుంటిదైపోతుంది. ఈమె దాన్ని పొట్టిగా వదిలింది. దాంతో థీమ్ ఎన్నిసార్లు తిరిగొచ్చినా నాట్యపు నడక పోలేదు. స్టాపుల విషయంలో పండితులకి ఏకాభిప్రాయం లేదు. మొదటి నుంచి చివరిదాకా నిండు ప్లీనమ్‌తోనే (ప్రధాన స్టాపులన్నీ కలిపిన ధ్వనితోనే) వాయించాలని కొందరు, వేరియేషన్ వేరియేషన్‌కీ రంగు మార్చాలని కొందరు. ఈమె మధ్యేమార్గం పట్టింది. పదకొండో వేరియేషన్‌లో థీమ్ పెడల్‌ని వదిలి పైగొంతుకి ఎక్కుతుంది. పెడల్ మౌనంగా ఉండే పదమూడు నుంచి పదిహేను దాకా చేతులని చిన్న మాన్యువల్ (చేతి మీటల వరుస) మీదకి మార్చి, పదహారుకి మళ్లీ ప్రధాన మాన్యువల్‌కి వచ్చింది. ఒక్క స్టాప్ కూడా లాగనక్కర్లేదు, సహాయకులు అటూ ఇటూ పరుగెత్తనక్కర్లేదు.

ఫ్యూగు చివర్లో డి ఫ్లాట్ కార్డ్ మీద ఫెర్మాటా (స్వరాన్ని పట్టి ఆపమనే గుర్తు) వస్తుంది. ఇలాంటి శ్రుతిలో అది బాగా గరుకుగా మోగే కార్డ్. ఈమె దాన్ని సాగదీసి హడావుడి చేయలేదు. అన్ని గొంతులనీ ఒకే క్షణంలో వదిలింది. పది వేళ్లూ రెండు కాళ్లూ కలిసి లేవడం, కలిసి దిగడం కన్నా కష్టం. ఒక్క వేలు ఆలస్యమైనా ఆ స్వరం ఒక్కటే తోకలా వేలాడుతుంది.

అదే ఫ్యూగులో పెడల్ రీడ్ అయిన పొసౌనె కొంచెం కిందకి జారినట్టు వినిపిస్తుంది. తప్పు వాద్యకారిణిది కాదు. గాలి వేడెక్కితే మామూలు గొట్టాల శ్రుతి డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. రీడ్ గొట్టాల్లో స్వరాన్ని ప్రధానంగా నిర్ణయించేది లోపల కంపించే ఇత్తడి నాలుక కాబట్టి అవి దాదాపు ఉన్నచోటే ఉంటాయి. జనం, కెమెరా దీపాలు కలిసి హాలుని మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కించినా తేడా చెవికి తెలిసిపోతుంది. విరామంలో రీడ్లని సరిచేయించి ఉండాల్సింది.

కాళ్ల సంగతి కూడా చెప్పాలి, అందరూ చూస్తున్నది వాటినే కదా. పెడల్ మీద మడమ ఎక్కడా ఆనలేదు, మొత్తం కాలి మునివేళ్లతోనే, కుడీ ఎడమా మార్చి మార్చి. పాత పద్ధతి ఇదే. ఒకే పాదంతో వరుసగా రెండు స్వరాలు వాయించాల్సి వస్తే మధ్యలో ఖాళీ దానంతటదే వస్తుంది. మునివేళ్ల పద్ధతిలో లాభం అదే.

మధ్యమధ్యలో వినిపించే టకటకలు రికార్డింగ్ లోపం కాదు. మీటని పాలెట్‌తో కలిపే చెక్క పుల్లల చప్పుడు అది. మైకుని దూరం జరిపితే ఆ చప్పుడు పోతుంది గానీ, దాంతోపాటు స్వరాల స్పష్టతా పోతుంది. ఈ రికార్డింగులో మైకులు సరైన దూరంలోనే ఉన్నాయి.

ఫోన్ స్పీకర్‌లో వింటే మాత్రం ఈ కచేరీలో పావు వంతు వినపడదు. 16 అడుగుల స్టాప్‌లో అట్టడుగు సి స్వరం సుమారు 33 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌కి ఆ లోతు అందదు. మీకు వినిపించేది పైన తేలే ఉపస్వరాలు మాత్రమే. చెవి చుట్టూ మూసుకునే హెడ్‌ఫోన్స్ గానీ, సబ్ వూఫర్ ఉన్న సెట్ గానీ వాడండి. బేస్ పెంచే ఈక్వలైజర్ ఉంటే ఆపేయండి, లేకపోతే ఇందాక చెప్పుకున్న బురద మీ గదిలోనే తయారవుతుంది.

వీడియో కూర్చినవాళ్ల మీద రెండు ఫిర్యాదులు. వేరియేషన్ల సంఖ్యల్ని తెర అడుగున, సరిగ్గా పాదాల మీద పడేలా వేశారు. అంతకన్నా ఘోరం, పాసకాలియా చివరి సి మేజర్ కార్డ్ తర్వాత హాలు ధ్వని ఇంకా తేలుతుండగానే ఫేడ్ చేసి పేర్లు వేసేశారు. ఆ కార్డ్‌ని వాద్యకారిణి ఎంత బాగా వదిలిందో తెలిసేది ఆ తర్వాతి సెకన్లలోనే. ఇంకోసారి ఎక్కించే ఉద్దేశం ఉంటే ఆ తోక తిరిగి అతికించి, ఏ రచనకి ఏ స్టాపులు వాడారో వివరణలో రాస్తే నేర్చుకునేవాళ్లకి చాలా పనికొస్తుంది. గంట సేపు కూర్చునే తీరిక లేనివాళ్లు బుక్స్‌టెహూడె, ఆందాంతే, పాసకాలియా ఈ క్రమంలో వినండి. సొనాటా మూడో భాగం దాటేసినా నష్టం లేదు.