చెక్ బౌన్స్ కేసులు చూసే అడ్వకేట్లకు హెచ్చరిక: కేస్ డైరీ సాఫ్ట్‌వేర్ చూపించే ఆఖరి తేదీని నమ్మకండి

ఏడాది చందా ముందే కట్టించుకుని బార్ అసోసియేషన్లలో అమ్ముతున్న ఒక కేస్ డైరీ (అడ్వకేటు తన కేసుల తేదీలు చూసుకునే) సాఫ్ట్‌వేర్‌లో గడువు లెక్క తప్పుగా వస్తోంది. పేరు రాయడం లేదు. ఇదే తప్పు వేరేవాటిలోనూ ఉండొచ్చు కాబట్టి ఏది కొన్నా పరీక్షించుకోండి. చందా పోతే మన డబ్బే పోతుంది, గడువు దాటితే దెబ్బ తగిలేది కక్షిదారుకి.

తప్పు ఇదీ. ఎన్‌ఐ యాక్ట్ (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) సెక్షన్ 138 కింద, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి ముద్దాయికి 15 రోజులు. అవి గడిచాక కంప్లైంట్ వేయడానికి అదే చట్టం 142లో ఉన్నది ‘ఒక నెల’, 30 రోజులు కాదు. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం రెండు చోట్లా 30 రోజులే కూడుతోంది.

నోటీసు 2026 జనవరి 25న అందిందనుకోండి. 15 రోజులు ఫిబ్రవరి 9తో అయిపోతాయి, 10న కాజ్ ఆఫ్ యాక్షన్ (కేసు వేసే హక్కు) వస్తుంది. ఆ రోజు వదిలేసి నెల లెక్కేస్తే ఆఖరి తేదీ మార్చి 10. సాఫ్ట్‌వేర్ చూపించేది మార్చి 12. దాన్ని నమ్మి 11నో 12నో వేస్తే కండోన్ డిలే (ఆలస్యాన్ని మన్నించమనే) పిటిషన్ కూడా పెట్టుకుని, తగిన కారణం చూపించాల్సిన పరిస్థితి. ‘సాఫ్ట్‌వేర్ అలా చూపించింది’ అని మేజిస్ట్రేటు ముందు ఎలా చెబుతాం?

డెమోకి వచ్చినవాళ్ల దగ్గర ఈ గడువు లెక్క మీదే తీర్పు వచ్చిన సాకేత్ ఇండియా కేసు తేదీలే వేయించండి. నోటీసు అందింది 29-9-1995న, కంప్లైంట్ వేసింది 15-11-1995న, గడువులోనే ఉందని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. స్క్రీన్ మీద నవంబర్ 14 అని వస్తే అక్కడితో ఆపేయండి. తర్వాత పైన చెప్పిన ఫిబ్రవరి తేదీలు కూడా వేయించాలి, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే. 31 రోజుల నెలలో తప్పు లెక్క ఒక రోజు ముందే హెచ్చరిస్తుంది, నష్టం లేదు.

ఈ సాఫ్ట్‌వేర్‌లోని డ్రాఫ్టుల (పిటిషన్ నమూనాల) సంగతీ అంతే. ‘482’ అని వెతికితే ఇంకా పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) కింద వేసే క్వాష్ (కేసు కొట్టేయమనే) పిటిషనే వస్తోంది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 యాంటిసిపేటరీ (ముందస్తు) బెయిల్, క్వాష్ 528కి వెళ్లింది. జూనియర్ హడావుడిలో ప్రింటు తీస్తే రిజిస్ట్రీ అభ్యంతరంతో వెనక్కి రావడం ఖాయం. వాట్సాప్ చాటింగో కాల్ రికార్డింగో దాఖలు చేసేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్టు కూడా పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బీ నమూనాలోనే ఉంది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద పార్ట్ ఏ, పార్ట్ బీ రెండూ కావాలి. హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్), అది ఏ అల్గారిథమ్‌తో తీశారన్నదీ అందులో రాయాలి. పాత నమూనాలో ఆ గడే లేదు.

చందా కట్టేముందు ‘మా కేసులన్నీ ఎక్సెల్‌లోకి దించి చూపించండి’ అని అడగండి. సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు), పార్టీల పేర్లు, వాయిదా తేదీ వేర్వేరు గడుల్లో రావాలి. ఇందులో దిగేది ఒకే పెద్ద పీడీఎఫ్, రెన్యూవల్ కట్టకపోతే అదీ దిగదు. వందల కేసులు గుమాస్తా మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి.

వాయిదా తేదీలు మాత్రమే కావాలంటే అసలు కొనక్కర్లేదు. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉచితం. పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ కొట్టి కేసును ‘మై కేసెస్’లో దాచుకుంటే తర్వాతి వాయిదా కనిపిస్తుంది. ఆ జాబితాను బ్యాకప్ తీసి పెట్టుకోండి, లేకపోతే ఫోన్ మారినప్పుడు పోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందుగా యూపీఐ యాప్‌లో ఆటోపే రద్దు చేసుకోండి. సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన అది ఆగదు. ఆ తర్వాత నడుస్తున్న 138 ఫైళ్లన్నీ బయటికి తీసి, నోటీసు అందిన పోస్టల్ అక్‌నాలెడ్జ్‌మెంట్ చూసి ఆఖరి తేదీ చేత్తో లెక్కేసి, ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసుకోండి. జనవరి, ఫిబ్రవరిల్లో నోటీసులు అందినవాటిని మొదట చూడండి.