జీడీబీ థ్రెడ్ నోటిఫికేషన్లు: చాలాకాలం వాడిన తరువాత నా సమీక్ష

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారుల ఖాతాలు చూసే ఒక సర్వర్ ప్రోగ్రామ్ బాగోగులు నేను చూస్తుంటాను. సీ++లో రాసిన ఆ ప్రోగ్రామ్ ప్రతి కౌంటరు కనెక్షనుకూ ఒక కొత్త థ్రెడ్‌ను (ఒకే ప్రోగ్రామ్ లోపల విడిగా నడిచే పని ధారను) పుట్టిస్తుంది. సరుకు పోటెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల రద్దీని పరీక్షా సర్వరు మీద తిరిగి సృష్టించి, ప్రోగ్రామ్ లోపాలు వెతికే జీడీబీ అనే డీబగ్గరుతో నడిపితే, థ్రెడ్ పుట్టిందనే 'న్యూ థ్రెడ్', పోయిందనే 'థ్రెడ్ ఎగ్జిటెడ్' అన్న నోటిఫికేషన్ వరుసలు తెరంతా కమ్మేస్తాయి. పెళ్లి పందిట్లో మైకు మోగుతుంటే పక్కవారి మాట వినపడనట్లు, మనకు కావలసిన బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాలని మనం గుర్తు పెట్టిన చోటు) సందేశం వాటి మధ్య ఎక్కడో కలిసిపోతుంది.

'సెట్ ప్రింట్ థ్రెడ్-ఈవెంట్స్ ఆఫ్' అంటే ఈ గోల ఆగుతుంది. చాలామంది ఈ ఆదేశాన్ని జీడీబీ మొదలవగానే చదివే ఇనిట్ ఫైలులో శాశ్వతంగా రాసి పెట్టుకుంటారు. నేను అందుకు ఒప్పుకోను. కౌంటరు యంత్రం మధ్యలో ఆగిపోయినప్పుడు దాని థ్రెడ్ రాని డేటా కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది, అంటే పుట్టిన వరుస కనిపిస్తుంది కానీ పోయిన వరుస రాదు. 'ఇన్ఫో థ్రెడ్స్' ఆదేశం ఆ క్షణంలో బతికి ఉన్నవాటిని మాత్రమే చూపుతుంది కాబట్టి, ఏది ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయిందన్న క్రమం ఈ నోటిఫికేషన్లలోనే దొరుకుతుంది. లాగింగ్ పెట్టి వీటిని ఫైలులోకి పంపితే, అనుమానించదగిన ఎల్‌డబ్ల్యూపీ సంఖ్యలను (లైనక్సు ప్రతి థ్రెడ్‌కూ ఇచ్చే గుర్తింపు సంఖ్యలను) థ్రెడ్ల జాబితా ఇచ్చే 'టాప్ -హెచ్' ఆదేశం చూపే సంఖ్యలతో పోల్చుకోవచ్చు. ఆపైన ప్రతి థ్రెడ్ ఏయే ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చూపే 'థ్రెడ్ అప్లై ఆల్ బీటీ' ఇస్తే అవి ఎక్కడ నిలిచిపోయాయో తెలుస్తుంది.

ఈ నోటిఫికేషన్లను ఆఫ్ చేస్తే ప్రోగ్రామ్ వేగం పుంజుకుంటుందన్న మాట కూడా వింటుంటాను. తెర మీద రాసే శ్రమ తగ్గేమాట నిజమే, అయితే లైనక్సులో కొత్త థ్రెడ్ పుట్టిన ప్రతిసారీ కెర్నెల్ (లైనక్సు కేంద్ర భాగం) డీబగ్గర్లు వాడుకునే పీట్రేస్ అనే సదుపాయం ద్వారా దాన్ని ఆపి డీబగ్గరుకు తెలియజేయడం మాత్రం, మనం సందేశం చూసినా చూడకపోయినా, జరుగుతూనే ఉంటుంది.

నా దృష్టిలో వీటన్నిటికన్నా విలువైనది 'స్విచింగ్ టు థ్రెడ్' అన్న వరుస. కోడును ఒక్కో వరుస చొప్పున నడిపే 'నెక్స్ట్' కొడుతుండగా మరో థ్రెడ్ బ్రేక్‌పాయింట్‌ను తాకితే జీడీబీ అక్కడ ఆగి, మనల్ని ఆ థ్రెడ్‌కు మార్చేస్తుంది. ఈ వరుసను గమనించకపోతే ఒక వ్యాపారి ఖాతా అనుకుని మరొకరి ఖాతాలోని విలువలు చదువుతాము. 2016లో వచ్చిన జీడీబీ 7.11 నుంచి బ్రేక్‌పాయింట్‌ను తాకిన థ్రెడ్ సంఖ్యా పేరూ కూడా చూపుతున్నారు, అందుకే మా కోడులో ప్రతి థ్రెడ్‌కూ కౌంటరు పేరు పెట్టించాను (లైనక్సులో 15 బైట్లే చెల్లుతాయి, తెలుగు లిపిలో అయితే అయిదు అక్షర సంకేతాలకే సరిపోతుంది!). ఇలా ఒక్కో వరుస నడిపేటప్పుడు మిగతా థ్రెడ్లను ఆపి ఉంచే 'సెట్ షెడ్యూలర్-లాకింగ్ స్టెప్' పెట్టుకుంటే ఈ మార్పిడి బెడద తగ్గుతుంది, కాకపోతే మరో థ్రెడ్ పట్టుకున్న మ్యూటెక్స్ (ఒకసారికి ఒక థ్రెడ్‌కే దొరికే తాళం) కోసం 'నెక్స్ట్' కదలకుండా కూర్చుంటుంది.

కొరత ఒక్కటే. పుట్టిన వరుసలో పేరు లేకపోవడం అర్థం చేసుకోగలను, ఎందుకంటే అప్పటికి థ్రెడ్ తనను పుట్టించినదాని పేరుతోనే ఉంటుంది. పోయే వరుసలోనైనా పేరు ఉంటే బాగుండేది. అది లేనందున మా ప్రోగ్రామ్ మొదట్లోనే ఎల్‌డబ్ల్యూపీ సంఖ్యనూ కౌంటరు పేరునూ కలిపి తన లాగులో రాసేలా చేసి, రెండింటినీ సరిపోల్చుకుంటున్నాను.