గండికోట దారిలో జీపు పారాసెయిలింగ్: గొడుగుకు మంచి మార్కులు, తాడుకు తక్కువ

జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో, చలికాలం సెలవుల్లో, ఒక బీడు భూమిలో జీపుకు తాడు కట్టి, పారాచూట్ గొడుగు కింద మనుషుల్ని గాల్లోకి లేపుతున్నారు. మనిషికి 1,000 రూపాయలు. గాల్లో ఉండేది మూడు నాలుగు నిమిషాలు. గిట్టుబాటేనా అంటే, పొద్దున ఎనిమిది లోపల పోతే గిట్టుబాటే. పదకొండు దాటాక ఊరికే ఎక్కిస్తామన్నా ఎక్కొద్దు. ఎందుకో గాలి దగ్గర చెప్తాం.

ముందు గొడుగు సంగతి. ఇక్కడ అన్నిటికన్నా బాగున్నది అదే.

గుండ్రటి నైలాన్ గొడుగు, వెనక వైపు చీలికలు, పక్కల కిటికీలు, నెత్తిని లోపలికి గుంజి పట్టిన మధ్య తాళ్లు. పాత తరం పారాచూట్ జంపర్లు ఎవరైనా దీన్ని రోడ్డు మీంచే గుర్తుపడతారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సరదాకు దూకడం మొదలుపెట్టిన వాళ్లకు దొరికింది సైన్యం వదిలించుకున్న 28 అడుగుల గుండ్రటి గొడుగులే. అవి ప్రాణం కాపాడతాయి గానీ చెప్పిన చోట దించవు. గాలి ఎటు తోస్తే అటే. అందుకని వెనక వైపు గుడ్డ ముక్కలు కత్తిరించి దారి చేసుకున్నారు. కత్తిరింపు ఆకారాన్ని బట్టి టి-యు అని, డబుల్ ఎల్ అని పేర్లు కూడా పెట్టుకున్నారు. లోపలి గాలి వెనక్కి పోతే గొడుగు ముందుకు జరుగుతుంది. ఒక పక్క కన్నాన్ని తాడుతో వంచితే తిరుగుతుంది. 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో మొదటి ప్రపంచ పోటీలు పెట్టేనాటికి, 1959లో జాక్ ఇస్టెల్, లూ సాన్‌బర్న్ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఆరెంజ్ ఊళ్లో జంప్ సెంటర్ తెరిచేనాటికి కూడా ఆట నడిచింది గుండ్రటి గొడుగుల మీదే.

1961 ప్రాంతంలో ఫ్రెంచి ఇంజినీరు పియెర్ లెమ్వాన్ ఆ కన్నాల పద్ధతిని ఇంకో దారికి తిప్పాడు. మామూలు గుండ్రటి గొడుగును తాడు కట్టి లాగితే పైకి లేవకుండా ఊగులాడుతుంది. నిండిన గాలికి పోయే దారి లేక, అంచు కింద నుంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు తన్నుకొస్తుంది. 1797 అక్టోబర్ 22న పారిస్‌లో బెలూన్ మీంచి దిగిన గార్నెరిన్‌ను కడుపులో తిప్పేలా ఊపింది ఈ గుణమే. లెమ్వాన్ వెనకా పక్కలా వరసగా చీలికలు పెట్టి గాలికి దారి చూపించాడు. ఊపు తగ్గింది, లాగితే గొడుగు పైకెక్కింది. ఆ డిజైన్‌కే అమెరికాలో పారాచూట్లు చేసే పయొనీర్ కంపెనీ లైసెన్సు తీసుకుని 1964లో పారా కమాండర్ పేరుతో జంపర్లకు అమ్మింది. గురి చూసి దిగి, పది సెంటీమీటర్ల డిస్కు మీద మడమ పెట్టే పోటీల్లో కొన్నేళ్లపాటు దాని రాజ్యమే నడిచింది. తర్వాత, అదే 1964లో గాలిపటాలు తయారుచేసే డొమినా జాల్బర్ట్ పేటెంటుకు పెట్టిన, గదుల్లో గాలి నిండి బిగిసే రెక్క పెరిగి పెద్దదై, 1970ల్లో గుండ్రటి వాటిని విమానాల్లోంచి దించేసింది. మన వైమానిక దళం ఆకాశ్ గంగా జట్టు ప్రదర్శనల్లో కనిపించేది ఆ పరుపులాంటి చదరపు గొడుగే. దానికీ జీపు పారాసెయిలింగ్‌కూ పోలిక వెతకొద్దు. ఇక్కడ నెత్తి మీద ఉండేది 1960ల సరుకు, మంచి సరుకే.

గుడ్డ చూశాం. రంగు వెలవలేదు, కుట్ల దగ్గర పీచు లేవలేదు. నైలాన్‌కు పెద్ద శత్రువు ఎండ. కన్నం పడకుండానే లోపల బలం పోతుంది. రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను బిగించి గుంజితే అల్లిక జరిగి సన్నటి సందులు పడితే ఆ గొడుగు రోజులు అయిపోయినట్టే. ఇక్కడ సందులు పడలేదు. కస్టమర్లు లేనప్పుడు గొడుగును సంచిలో పెట్టి నీడకు చేరుస్తున్నారు. ఈ ఒక్క అలవాటుకే ఒక మార్కు ఎక్కువ వేయాలి. చాలా చోట్ల పొద్దుగూకేదాకా ఎండలో పరిచే ఉంచుతారు.

బెల్టులు పర్వాలేదు. తొడల పట్టీలు మాత్రం మీరే చూసుకోండి. అరచేయి నిలువుగా దూరేంత సందు ఉంటే వదులుగా ఉన్నట్టే. లేచేటప్పుడు బెల్టు మొత్తం పైకి జారి చంకల్లో కోస్తుంది. భుజాల దగ్గర రెండు ఇనుప హుక్కులు ఉంటాయి, వాటికి మర తిప్పే మూత ఉండాలి. ఒక హుక్కు మర ఇసుక పట్టి సగమే తిరుగుతోంది. చెప్తే మార్చారు, గొణక్కుండా మార్చారు.

ఇక తాడు. మార్కులు పోయింది ఇక్కడే.

బోర్డు మీద 300 అడుగుల ఎత్తు అని రాశారు. తాడు పొడవు కూడా 300 అడుగులే. తాడు నిట్టనిలువుగా నిలబడితే తప్ప ఆ ఎత్తు రాదు, లాగే తాడు నిలువుగా నిలబడదు. 45 డిగ్రీల్లో ఉంటే 210 అడుగులు. తాడు బరువుకు పడే వంపు తీసేస్తే 200. పెన్నా లోయ అంచు దూరంగా కనబడటానికి అదే చాలు, ఇంకా పైకి పోవాల్సిన పని కూడా లేదు. బోర్డు మార్చుకుంటే మర్యాద.

బోర్డు అబద్ధం ఎవరి కాలూ విరగ్గొట్టదు. జీపు వెనక కొక్కేనికి తాడును ముడివేసి కట్టడం విరగ్గొడుతుంది. గొడుగు ఒక పక్కకు ఒరిగినప్పుడు జీపు ఇంకా లాగుతూనే ఉంటే, ఆ లాగుడే దాన్ని ఇంకా ఒరగదోస్తుంది. కొంత కోణం దాటాక తనంతట తాను తిరిగి రాదు, వంకరగా నేలకు దూసుకొస్తుంది. లాగి ఎగరేసే ప్రతి దాంట్లోనూ ఉండే ప్రమాదమే ఇది. మందు ఒక్కటే: లాగుడు వెంటనే ఆపడం, అవసరమైతే తాడు వదిలేయడం. వంద కేజీల పైన లాగుడుకు బిగిసిన ముడిని ఎవరూ విప్పలేరు. కత్తి వెతికేలోపు పని అయిపోతుంది. బరువు మీద ఉండగానే ఊడే కొక్కెం కావాలి. స్కైడైవర్లకు 1970ల్లో బిల్ బూత్ చేసిపెట్టిన మూడు రింగుల ఏర్పాటు సరిగ్గా ఈ అవసరానికే పుట్టింది. రింగు మీద రింగు భారాన్ని అంచెలంచెలుగా తగ్గించి, చివరికి ఒక సన్నటి దారం లూపు మీద నిలబెడుతుంది. వేలితో కేబుల్ గుంజితే మొత్తం విడిపోతుంది. అంతటిది కాకపోయినా, గుంజితే తెరుచుకునే కొక్కెం ఒకటి జీపుకు బిగించాలి. తాడు మధ్యలో కావాలని పెట్టే బలహీనపు ముక్క కూడా ఇక్కడ లేదు. లాగుడు హద్దు దాటితే బెల్టు కన్నా ముందు అది తెగాలి.

హద్దు ఎంత సులువుగా దాటుతుందో డ్రైవర్‌కు తెలియాలి. గొడుగుకు తగిలేది జీపు వేగం, ఎదురుగాలి వేగం కలిపి. గాలి గంటకు 10 కిలోమీటర్లు, జీపు 25 అయితే గొడుగుకు 35. గాలి ఒక్కసారిగా 20కి లేస్తే జీపు 15కు తగ్గాలి. లాగుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది: 30 నుంచి 40కి పోతే దాదాపు 1.8 రెట్లు. మీటరు చూస్తూ నడిపేవాడికి ఇది పట్టదు. ఇక్కడి డ్రైవర్ అద్దంలో గొడుగునే చూస్తున్నాడు, కాలు మెత్తగా వేస్తున్నాడు. పక్క సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని చేయి సైగలు చేసే మనిషి కూడా ఉన్నాడు. జనం పెరిగే ఆదివారం నాడు మాత్రం ఆ మనిషిని టికెట్లకు పంపేస్తున్నారు. ఇద్దరు లేకపోతే వెయిట్ చేయండి, లేదా వెళ్లిపోండి.

గాలి సంగతికి వద్దాం. రాయలసీమ గాలి సంగతి రామగిరి కొండల మీది గాలిమరలే చెప్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ ఆటకు సెలవు ఇవ్వాల్సిందే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున గాలి నెమ్మదిగా, ఒకే దిక్కు నుంచి వస్తుంది. ఎండ ముదిరాక నేల వేడెక్కి గాలి గుంపులు గుంపులుగా పైకి లేస్తుంది. బీట్లో సుడిగాలి తిరగడం మొదలైందంటే ఆ రోజుకు చాలించాలి. వేడిగాలి పలచగా ఉంటుంది కాబట్టి గొడుగు వేగంగా దిగుతుందని కొందరు భయపెడతారు. లెక్క వేస్తే 15 డిగ్రీలకూ 40 డిగ్రీలకూ తేడా 4 శాతమే. భయపడాల్సింది సుడులకు. లోయ అంచుకు దగ్గరగా లాగే వాళ్ల దగ్గరికి పోనేపోవద్దు, అంచు దాటిన గాలి కిందికి మడత పడుతుంది. ఈ సర్వీసు వాళ్లు అంచుకు బాగా దూరంగానే నడుపుతున్నారు.

దిగడం. రెండు నిమిషాల్లో చెప్పి ముగించారు, అదీ “కాళ్లు ముందుకు చాపి కూర్చోండి” అని. అది తప్పు. ఆరెంజ్ లాంటి చోట్ల మొదటిసారి దూకేవాళ్లతో విమానం ఎక్కకముందే దిగే దొర్లుడు మళ్లీ మళ్లీ చేయించేవాళ్లు. కాళ్లు రెండూ ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి, చూపు దూరంగా పెట్టాలి. నేలను చూస్తే కాళ్లు వాటంతట అవి బిగుసుకుంటాయి. ముందు పాదాల ముందు భాగం, తర్వాత పిక్క పక్క, తొడ పక్క, పిరుదు, వీపు పక్క: ఈ వరసలో ఒక పక్కకు దొర్లాలి. చేతులు నేలకు ఆనించకూడదు, మణికట్టు పోతుంది. కూర్చుని దిగితే దెబ్బంతా వెన్నుపూస చివర తగులుతుంది.

బరువు కూడా చూసుకోవాలి. ఒకే గొడుగు కింద 60 కేజీల మనిషి సెకనుకు 4.5 మీటర్ల వేగంతో దిగితే, 90 కేజీల మనిషి 5.5తో దిగుతాడు. మొదటిది మూడున్నర అడుగుల గట్టు మీంచి దూకినంత, రెండోది ఐదు అడుగుల గట్టు. జీపు మెల్లగా లాగుతూ దించితే ఇంత ఉండదు. తాడు తెగితే ఉంటుంది. ఇక్కడ తూకం మిషన్ లేదు, కంటి చూపుతో “పోతాడులే” అని ఎక్కిస్తున్నారు. 90 దాటిన వాళ్లు మానుకోవడం మేలు.

దిగాక గొడుగు గాలి పట్టి ఈడ్చుకుపోతుంది. పాత జంపర్లకు భుజాల మీద కేప్‌వెల్ కొక్కేలు ఉండేవి, నొక్కితే గొడుగు ఊడేది. ఈ బెల్టులకు అవి లేవు. కాబట్టి ఇద్దరు కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి అంచు పట్టి మడవాలి. ఇక్కడి కుర్రాళ్లు ఆ పని చక్కగా చేస్తున్నారు. మీరు మాత్రం లేచి నిలబడే తొందర పడొద్దు, ఒక పక్క కింది తాళ్లను మీ వైపు గుంజుకోండి.

నేల మధ్యస్థం. ఎర్రమట్టి బీడు కాబట్టి సరిపోయింది. పక్కనే శనగ కోసిన రేగడి చేను ఉంది, దాని నెర్రెల్లో పాదం ఇరుక్కుంటే మడమ మెలిపడుతుంది. తూర్పు గట్టున నాపరాళ్ల కంచె, దాని వెనక కరెంటు తీగలు. గాలి పడమటి నుంచి ఉన్న రోజు తాడు తెగితే గొడుగు పోయేది అటే. ఆ రోజు ఎక్కొద్దు.

బూట్లు మడమ దాకా ఉన్నవి వేసుకోండి, చెప్పులతో వస్తే వెనక్కి పంపడం లేదు. చున్నీ, మెడలో గొలుసు తీసేయండి. లేచేటప్పుడు ఎగిరి గెంతకండి, జీపుతో పాటు ఐదారు అడుగులు పరుగెత్తితే గొడుగే ఎత్తుకుంటుంది. ముందే ఫోన్ చేస్తే మూడు అడగండి: తాడు వదిలేసే కొక్కెం పెట్టారా, వెనక్కి చూసే మనిషి ఉంటాడా, ఎన్ని గంటలకు ఆపేస్తారు. మూడో దానికి “సాయంత్రం దాకా” అని జవాబొస్తే గండికోటలో మాధవరాయ గుడి చూసుకుని ఇంటికి పోండి.