రన్నింగ్‌లో ఉన్న మెడికల్ షాపు కొనాలంటే ఏ డబ్బు మేలు?

నరసరావుపేటలో హాస్పిటళ్ల వీధికి కాస్త పక్కగా ఉన్న ఒక మెడికల్ షాపును మూడేళ్ల కిందట కొన్నాను. అంతకుముందు తొమ్మిదేళ్లు వేరేవాళ్ల కౌంటర్ల వెనక ఫార్మసిస్టుగా నిలబడ్డాను. ఇప్పుడు బీఫార్మసీ చేసిన పిల్లలు వచ్చి, "అక్కా, ఫలానా షాపు అమ్మకానికి వచ్చింది. లోన్ పెట్టమంటావా, బంగారం పెట్టమంటావా, ఇల్లు పెట్టమంటావా?" అని అడుగుతుంటారు. ముందు మీరు ఏమేం కొంటున్నారో విడదీసి రాసుకురండి, తర్వాత డబ్బు సంగతి చూద్దాం అంటాను.

నేను కొన్నదాని లెక్క ఇది. స్టాకు 8 లక్షలు. అరలు, ఫ్రిజ్, కంప్యూటర్, ఏసీ కలిపి 2 లక్షలు. బిల్డింగ్ ఓనర్‌కి అడ్వాన్స్ 2 లక్షలు. గుడ్‌విల్ 6 లక్షలు. మొత్తం 18. మొదట షాపు అమ్మినాయన అడిగింది 19. ఆ లక్ష ఎలా తగ్గిందో కూడా చెప్తాను.

ఈ నాలుగింటిలో స్టాకు, సామాను కళ్లకు కనిపిస్తాయి. అడ్వాన్స్ ఖాళీ చేసేటప్పుడు తిరిగొస్తుంది. గుడ్‌విల్ అంటే రోజూ ఆ గడప తొక్కే మనుషులు. వాళ్లు నా దగ్గర కొనసాగితే ఆరు లక్షలకు విలువ ఉన్నట్టు, పక్క షాపుకి వెళ్లిపోతే ఆ డబ్బు పోయినట్టే. ఏ అప్పు మేలన్నది ఈ తేడాను బట్టే తేల్చుకోవాలి.

ముందు బ్యాంకు సంగతి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ 2015 నుంచి ఉంది, తాకట్టు అడగరు. అందులో తరుణ్ అనే రకం కింద 10 లక్షల దాకా ఇస్తారు. 20 లక్షల తరుణ్ ప్లస్ ఉంది కానీ, అది ఇంతకుముందు తరుణ్ తీసుకుని తీర్చినవాళ్లకే. అంతకు మించి కావాలంటే, తాకట్టు లేకుండా సీజీటీఎంఎస్ఈ (చిన్న వ్యాపారాల లోన్లకు బ్యాంకుకి హామీ ఉండే ట్రస్టు) గ్యారంటీ మీద ఇవ్వవచ్చు, దానికి ఏటా ఫీజు పడుతుంది. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. పీఎంఈజీపీ అనే కేంద్ర పథకం సబ్సిడీ వస్తుందని ఆశ పెట్టుకుని అడ్వాన్స్ ఇచ్చేస్తారు. అది కొత్తగా పెట్టే యూనిట్ల కోసం, నడుస్తున్న షాపు కొంటే వర్తించదు. 2025 మార్చి దాకా ఉన్న స్టాండప్ ఇండియా లోన్ పథకం కూడా కొత్తగా పెట్టే వ్యాపారాల కోసం తెచ్చిందే.

నేను వెళ్లిన బ్యాంకులో మేనేజర్ గారు నా కాగితం మీద గుడ్‌విల్ అన్న గీతని పెన్నుతో కొట్టేసి, "స్టాకుకి, సామానుకి ఇస్తానమ్మా, దీనికి ఇవ్వను" అన్నారు. అప్పుడు బాధపడ్డాను కానీ ఆ మాట సబబే. చూపించడానికి ఏమీ లేనిదానికి బ్యాంకు డబ్బు రాదు. స్టాకు, సామాను కలిపి 10 లక్షలకు ఏడున్నర లక్షలు ఇచ్చారు, రెండున్నర నేను పెట్టుకోవాల్సిన వాటా.

పదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఏడున్నర లక్షలకు నెలకు 16,120 దాకా పడుతుంది. కడుతున్న కొద్దీ అసలు తగ్గుతుంది. 2026 జనవరి 1 తర్వాత తీసుకునే లోన్లయితే ఇంకో సౌకర్యం ఉంది. ఫ్లోటింగ్ వడ్డీ మీద చిన్న వ్యాపారాలకిచ్చే లోన్లను ముందే తీర్చేస్తే వాణిజ్య బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. చేతిలో డబ్బు ఆడిన నెల ఒక పాతిక వేలు ఎక్కువ కట్టేయొచ్చు.

బ్యాంకుతో అసలు ఇబ్బంది వడ్డీ కాదు, టైము. షాపు చేతులు మారితే పాతాయన డ్రగ్ లైసెన్సు మనకి రాదు. మన పేరు మీద, మన ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్‌తో కొత్తగా ఫారం 20, 21 లైసెన్సులు తెచ్చుకోవాలి. లైసెన్సు చేతికొస్తే గానీ బ్యాంకు డబ్బు వదలదు. డబ్బు చేతిలో పడితే గానీ అమ్మేవాళ్లు తాళాలివ్వరు. ఈ మధ్యలో ఇరుక్కున్నవాళ్లే వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెడతారు.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మాటలో చిన్నగా వినిపిస్తుంది. అది ఏడాదికి 24 శాతం. పది లక్షలు తెస్తే నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. అదే పది లక్షలు పదిన్నర శాతానికి ఏడేళ్ల గడువుతో బ్యాంకులో తీసుకుంటే ఈఎంఐ 16,860 దగ్గర ఉంటుంది, అందులో అసలు కూడా తీరుతుంది. మందుల షాపులో లాభం ఎంతని? ధరల నియంత్రణలో ఉన్న షెడ్యూల్డు మందుల మీద రిటైలర్‌కి 16 శాతం మార్జిన్. అందులోనే కస్టమర్‌కి డిస్కౌంట్, అద్దె, కరెంటు, కుర్రాడి జీతం. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మెడికల్ షాపు కొనొద్దు. ఈ ఒక్క మాట మాత్రం అడిగినవాళ్లందరికీ గట్టిగా చెప్తాను.

బంగారం వేరు. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి డబ్బు చేతికొస్తుంది, వడ్డీ కూడా బ్యాంకులో పెడితే భరించేలాగే ఉంటుంది. సుమారుగా విలువలో ముప్పాతిక వంతు ఇస్తారు. చాలా చోట్ల గడువు ఏడాదే, తిరిగేలోపు వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. కాబట్టి అది ఆరు నెలలకో ఏడాదికో సరిపడే డబ్బు, షాపు మొత్తాన్ని దాని మీద నిలబెట్టకూడదు. నేను నా గొలుసు, నాలుగు గాజులు పెట్టి రెండున్నర లక్షలు తెచ్చాను. మెడలో పసుపుతాడు ఒక్కటే వేసుకుని ఏడాదిన్నర కౌంటర్‌లో కూర్చున్నాను. మా అత్తగారు పెళ్లిళ్లకి వెళ్లినప్పుడల్లా తన గొలుసు తీసి నాకు వేసేవారు.

ఇల్లు తాకట్టు పెడితే గడువు ఎక్కువ, కాబట్టి కిస్తీ చిన్నది. కానీ లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అప్రూవల్ అన్నీ సరిగా ఉండాలి. షాపు నడవకపోతే పోయేది ఇల్లు. గుడ్‌విల్ లాంటి కనిపించనిదాని కోసం పిల్లలు పడుకునే గది పెట్టడం నాకు ఒప్పలేదు. చీటీ ఇప్పటికే సగం కట్టి ఉంటే పాడుకోవడం మంచిదే, షాపు కోసమని కొత్తగా వేసి మొదటి నెలల్లోనే పాడితే కోత ఎక్కువ. చుట్టాలతో భాగస్వామ్యం పెట్టుకుంటే, వాళ్లు వచ్చినా పోయినా లైసెన్సు మళ్లీ తీసుకోవాల్సిందే. ఫర్మ్ మారితే పాత లైసెన్సు మూడు నెలలకు మించి చెల్లదు.

ఇక ఎక్కువమంది అడగడానికే మొహమాటపడేది, నా మట్టుకు అన్నిటికంటే మేలైనది: అమ్మేవాళ్ల దగ్గరే కొంత బాకీ పెట్టడం.

మా షాపు అమ్మిన బాబాయ్ గారికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. కొడుకులు మందుల లైన్‌లోకి రాలేదు. "బాబాయ్ గారూ, గుడ్‌విల్ ఆరు లక్షలకి ఒప్పుకుంటాను. లక్షా ఇరవై వేలు ఇప్పుడిస్తాను. మిగతాది నెలకి పదిహేను వేల చొప్పున ముప్పై రెండు నెలలు. వడ్డీ లేకుండా" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అమ్మాయ్, నువ్వు కట్టగలవో లేదో నాకు తెలీదు, షాపు నడిస్తే కడతావని మాత్రం తెలుసు. నడిపించే పని నేను చూస్తాలే" అన్నారు.

ఆ మాటకి అర్థం మొదటి నెలలోనే తెలిసింది. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. షుగర్ మాత్రలకి నెలనెలా వచ్చే పెద్దాయన కనిపిస్తే, "ఇదిగో, ఇక నుంచి అమ్మాయి ఇస్తుంది. నాకంటే బాగా చదువుకుంది" అనేవారు. ఎవరికి అరువివ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో వాళ్లు మెట్లు దిగాక నాకు చెవిలో చెప్పేవారు. డబ్బంతా ముందే తీసుకుని ఉంటే ఆ మోకాళ్లతో ఆయన అంత దూరం వచ్చేవారా? మంచి మనిషే, వచ్చేవారేమో. కానీ ఆ మంచితనం మీదే ఆరు లక్షలు పెట్టే స్తోమత నాకు లేదు.

అదే 4 లక్షల 80 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు 9,600 చొప్పున ముప్పై రెండు నెలల్లో వడ్డీయే 3,07,200 అయ్యేది, అసలు అలాగే నిలిచి ఉండేది.

ఆ బాకీ నాకు రక్షణ కూడా అయింది. షాపును మొత్తంగా కొంటే, అమ్మినవాళ్లు అంతకుముందు కట్టాల్సిన జీఎస్టీ బకాయికి కొన్నవాళ్లు కూడా బాధ్యులే. స్టాకిస్టుల (షాపుకి హోల్‌సేల్‌గా మందులు వేసేవాళ్ల) పాత బిల్లులకి చట్టం ఏం చెప్పినా, బాకీ తీరేదాకా వాళ్లు సరుకు వేయరు. మాకు అలా ఒక స్టాకిస్టు పాత బిల్లు 22 వేలు బయటపడింది. బాబాయ్ గారు మర్చిపోయారు. ఆ నెల కిస్తీలోంచి, మరుసటి నెల దాంట్లోంచి తగ్గించుకున్నాం, మాటా మాటా రాలేదు. డబ్బంతా ఇచ్చేసి ఉంటే ఆ 22 వేల కోసం ఎన్నిసార్లు తిరగాలి!

అయితే ఇది నోటి మాట మీద నడిచే పని కాదు. మేము స్టాంపు పేపర్ మీద ఒప్పందం రాసుకుని, ప్రోనోటు ఇచ్చాను. కిస్తీ కట్టినప్పుడల్లా నోటు వెనక తేదీ వేసి చెల్లు రాసుకున్నాం. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాను, 20 వేలు, ఆపైన అప్పు నగదులో నడపడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఆ వీధిలో మళ్లీ మెడికల్ షాపు పెట్టనని కూడా ఆయన చేత రాయించుకున్నాను. మామూలుగా ఎవరినీ వ్యాపారం చేయొద్దని కట్టడి చేసే ఒప్పందం చెల్లదు, కానీ గుడ్‌విల్ అమ్మినప్పుడు ఫలానా హద్దుల్లో పెట్టనని రాసిస్తే 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దాన్ని ఒప్పుకుంటుంది.

స్టాకు లెక్కలో తగ్గిన లక్ష సంగతి. రెండు రాత్రులు షట్టర్ సగం దించి నేనూ మా ఆయనా ప్రతి అర దించి లెక్కపెట్టాం. ఎమ్మార్పీ కాదు, కొన్న రేటు వేశాం. మూడు నెలల్లోపు ఎక్స్‌పైరీ ఉన్న స్ట్రిప్పులన్నీ వేరే అట్టపెట్టెలో వేశాం. స్టాకిస్టు వెనక్కి తీసుకునేవి బాబాయ్ గారి పేరు మీదే పంపించాం. కంప్యూటర్‌లో తొమ్మిది లక్షలున్న స్టాకు అరల్లో ఎనిమిదికి తేలింది. ఈ రెండు రాత్రుల పని లేకుండా ఏ లోనూ తీసుకోవద్దు, ఎందుకంటే బ్యాంకు మీ లెక్కని నమ్మే లోన్ ఇస్తుంది.

బ్యాంకుకి 16,120, బాబాయ్ గారికి 15 వేలు, బంగారం వడ్డీ రెండు వేల లోపు, అన్నీ కలిపి నెలకు 33 వేలు. మొదటి ఏడాది ఇంటికి మిగిలింది తక్కువే. కొన్ని నెలలు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అయినా ఏ నెలా ఎవరికీ ఆపలేదు.

అందరికీ ఇలాంటి బాబాయ్ దొరకరు. అమ్మేవాళ్లు ఊరు వదిలి పిల్లల దగ్గరికి వెళ్లిపోతుంటే, మొత్తం ఒకేసారి కావాలంటే, వాళ్లని తప్పుపట్టలేం. అప్పుడు గుడ్‌విల్ ధర గట్టిగా తగ్గించమని అడగండి, స్టాకుకి బ్యాంకు లోన్, గుడ్‌విల్‌కి సొంత పొదుపు, తక్కువ పడితే కొద్దిగా బంగారం. అప్పుడు కూడా కనీసం ఒక లక్ష మూడు నెలల తర్వాత ఇస్తానని రాసుకోండి, స్టాకిస్టుల పాత బిల్లులు, జీఎస్టీ లెక్కలు ఏవైనా ఉంటే చాలావరకు ఆ మూడు నెలల్లోనే బయటికొస్తాయి.