నీలగిరి రైలెక్కితే కూనూరులోనే దిగండి

తమిళనాడులో మెట్టుపాళయం నుంచి ఊటీకి ఈ కొండరైలు దారి 46 కిలోమీటర్లు. టికెట్టు దొరికినవాళ్ళు చివరిదాకా కూర్చోవాలనే చూస్తారు గానీ, ఈ బండిలో అసలు సరుకంతా కల్లారు నుంచి కూనూరు వరకే. అక్కడ 12 అడుగులు ముందుకు పోతే దాదాపు ఒక అడుగు పైకెక్కాలి. ఆ వాలులో మామూలు చక్రాలు జారిపోతాయి. అందుకే పట్టాల మధ్యలో పళ్ళున్న ఉక్కు బద్దలు రెండు పక్కపక్కనే బిగించారు. ఒకదాని పన్ను దగ్గర రెండోదాని సందు వస్తుంది కాబట్టి ఇంజను కింది పళ్ళచక్రాలకు ఎప్పుడూ ఏదో ఒక పట్టు ఉంటుంది. ఆ చక్రాలను తిప్పడానికి ఆవిరి ఇంజనుకు విడిగా సిలిండర్లున్నాయి. వేగం గంటకు 13 కిలోమీటర్లకు అటూ ఇటూ. కూనూరు దాకా లైను 1899లోనే వచ్చింది, ఊటీకి చేరింది 1908లో.

కొండ ఎక్కేటప్పుడు ఇంజను వెనకుండి నెడుతుంది. కాబట్టి అన్నిటికంటే ముందుండే ఫస్ట్ క్లాసులో ముందు వరస దొరికితే దారంతా కళ్ళెదుటే. జెండా పట్టుకుని ముందు అరుగు మీద నిలబడే బ్రేకుమనిషి పని కూడా అక్కణ్ణుంచే కనిపిస్తుంది. సెకండ్ క్లాసయితే ఎడమవైపు కిటికీ మేలు, లోయ ఎక్కువగా అటే. దారిలోని హిల్‌గ్రోవ్ స్టేషనులో ఇంజను నీళ్ళు పట్టుకునేంతసేపు కిందికి దిగవచ్చు. చేతిలో తిండి మాత్రం ఉంచుకోకండి, కోతులు లాక్కుపోతాయి.

పొద్దున 7.10కి బయల్దేరి పదిన్నర ప్రాంతంలో కూనూరు చేరుతుంది. అక్కడ డీజిల్ ఇంజను తగిలిస్తారు. మిగిలిన 19 కిలోమీటర్లలో పళ్ళపట్టా లేదు, గంటా పావు ప్రయాణం. కేత్తి లోయ బాగుంటుంది, కాదనం. కానీ అది కూనూరు-ఊటీ మధ్య తిరిగే బండ్లలో మర్నాడు చూసుకోవచ్చు, వాటికి టికెట్టు సులువు.

రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. ఉన్నవే నాలుగైదు చిన్న బోగీలు. వేసవిలో వెయిటింగ్ లిస్టు కదులుతుందని నమ్ముకుంటే దెబ్బతింటారు. తెలుగు ప్రాంతాల నుంచి వచ్చేవాళ్ళు ముందురోజుకే కోయంబత్తూరు చేరి, రాత్రి మెట్టుపాళయంలో పడుకోవడం నయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండచరియలు విరిగి పట్టాల మీద పడతాయి, బండి రోజుల తరబడి రద్దవుతుంది. ఆ నెలల్లో బస్సును రెండో దారిగా మనసులో ఉంచుకోండి. కారులో వస్తే ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రవేశ అనుమతి, తప్పనిసరి. ఈ పద్ధతి 2024 మే నెలలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో మొదలైంది. రైల్లో, ప్రభుత్వ బస్సులో వచ్చేవాళ్ళకు ఆ బెడద లేదు.

బస వెతికేటప్పుడు దిగువ కూనూరా, ఎగువ కూనూరా అని అడగండి. స్టేషను, బస్టాండు, మార్కెట్టు దిగువనే. గదులు చవక, హారన్ల మోత ఎక్కువ. సిమ్స్ పార్కు వైపు ఎగువన ప్రశాంతం. టీ తోటల మధ్య ఇళ్ళు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి గానీ, చివరి కిలోమీటరు గతుకుల దారి; చీకటి పడ్డాక ఆటో రానంటే ఇరుక్కుపోతారు. వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయో, హీటరుకు విడిగా తీసుకుంటారో ముందే తేల్చుకోవాలి. 1,850 మీటర్ల ఎత్తులో జనవరి రాత్రి ఇది చిన్న విషయం కాదు.

నడకలకు పొద్దుటిపూటే. లాంబ్స్ రాక్, లేడీ కానింగ్స్ సీట్, డాల్ఫిన్స్ నోస్ ఒకే రోడ్డు మీద వస్తాయి. దూరంలోని డాల్ఫిన్స్ నోస్‌కు ముందు వెళ్ళి, వెనక్కి వస్తూ మిగతావి చూడండి. మధ్యాహ్నమైతే మంచు కమ్మి, ఎదురుగా ఉన్న కేథరిన్ జలపాతం కూడా ఆనదు. కాస్త కష్టపడగలిగితే నాన్సచ్ టీ తోట మీదుగా ద్రుగ్ కోటకు నడవండి. టిప్పు సుల్తాను కాలపు కావలి స్థావరమది, మిగిలింది గోడ ముక్కే అయినా మైదానం మీదికి చూపు సాగుతుంది. పచ్చటి షోలా అడవి (ఎత్తైన కొండల మడతల్లో పెరిగే దట్టమైన అడవి) లోపలికి నడవాలంటే కోటగిరి దగ్గరి లాంగ్‌వుడ్ షోలాకు వెళ్ళాలి.

వానల్లో జలగలుంటాయి. ప్యాంటు అంచును మేజోళ్ళలోకి దోపి, చిన్న పొట్లంలో ఉప్పు పెట్టుకుంటే చాలు. అసలు భయం అడవిదున్నలతో. టీ తోటల్లోకే వచ్చి మేస్తుంటాయి, కదలకుండా నిలబడితే సాధువనిపిస్తాయి. తల దించి బుసకొట్టిందంటే దాడికి సిద్ధమైనట్టే. సెల్ఫీకని దగ్గరికి పోకుండా, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి తగ్గండి. రైలు పట్టాల వెంట నడవడం నిషేధం. కల్లారు, హిల్‌గ్రోవ్ ప్రాంతంలో ఏనుగులు కూడా ఆ దారినే వాడుకుంటాయి.